రీలు కెమెరాకు మళ్ళీ మార్కెట్ ఉందా?

సంక్షిప్తంగా: ఫిలిం మీద సినిమా తీయాలనే ఆసక్తి మళ్ళీ పెరిగింది. కొత్త ఫిలిం కెమెరాల తయారీ మాత్రం ఆ మేరకు పుంజుకోలేదు. పాత కెమెరాలు ఇంకా బాగా పనిచేస్తున్నాయి, వాటిని కొనకుండా అద్దెకు తెచ్చుకునే పద్ధతి ఉంది, పైగా కెమెరా కన్నా ఫిలిం ఖర్చే ఎక్కువ. కొత్త కెమెరాకు చోటు ప్రస్తుతం రెండు కొసల్లోనే కనిపిస్తోంది. పైకొసన పెద్దతెర సినిమాలకు వాడే ఐమ్యాక్స్, 65 ఎంఎం. కిందికొసన ఒకప్పుడు ఇళ్ళలో వాడిన చిన్న సూపర్ 8. (ఈ ఎంఎం లెక్కలు ఫిలిం వెడల్పును చెబుతాయి.) మధ్యలో ఉన్న 35 ఎంఎం, 16 ఎంఎం మార్కెట్‌ను పాత కెమెరాలే పట్టుకుని ఉన్నాయి. స్పేర్ పార్టులు, రిపేరు చేసే చేతులు కరువైన నాడే ఆ పట్టు సడలుతుంది.

ఫిలిం పని అయిపోయిందని పదేళ్ళ కిందట రాసిన పత్రికలే ఇప్పుడు ఫిలిం తిరిగొచ్చిందని రాస్తున్నాయి. 2024లోనూ 2025లోనూ ఉత్తమ ఛాయాగ్రహణం ఆస్కార్ ఫిలిం మీద తీసిన సినిమాలకే దక్కింది. క్రిస్టఫర్ నోలన్ ‘ది ఒడిస్సీ’ని మొత్తం ఐమ్యాక్స్ ఫిలిం కెమెరాలతోనే తీశారు. అందుకోసం ఐమ్యాక్స్ కొత్త కెమెరాలను కూడా సిద్ధం చేసింది. ఇంకోవైపు కొడాక్ దశాబ్దాల తర్వాత ఒక కొత్త సూపర్ 8 కెమెరాను అమ్మకానికి పెట్టింది. ఇవన్నీ కలిపి చదివితే ఫిలిం కెమెరా పరిశ్రమ మళ్ళీ లేచి నిలబడిందని అనిపించడం సహజం. కానీ ఫిలిం వాడకం పెరగడం వేరు, కొత్త ఫిలిం కెమెరాకు గిరాకీ రావడం వేరు. ఈ రెండూ ఎందుకు కలిసి నడవడం లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2011లో ఆగిన ఉత్పత్తి

సినిమా కెమెరాల్లో మూడు పేర్లు చాలాకాలం రాజ్యమేలాయి. 1917లో మ్యూనిక్‌లో మొదలైన జర్మన్ కంపెనీ ఆరి, అమెరికాకు చెందిన పానావిజన్, ఫ్రాన్స్‌కు చెందిన ఆటాన్. ఈ మూడూ కొత్త ఫిలిం కెమెరాల తయారీని దాదాపుగా ఆపేశాయన్న వార్త 2011లో బయటికొచ్చింది. ఎవరూ పెద్ద ప్రకటన చేసి ఆపలేదు. ఆర్డర్లు తగ్గుతూ తగ్గుతూ ఒకరోజు లైన్ ఖాళీ అయిపోయింది. అంతకు ముందు ఏడాదే ఆరి తన డిజిటల్ కెమెరా అలెక్సాను తెచ్చింది. ఫిలిం కెమెరాల మీద ప్రాణం పెట్టుకున్న ఛాయాగ్రాహకులు చాలామంది అలెక్సా చూశాకే డిజిటల్ వైపు మళ్ళారు.

అయితే ఫిలిం పరిశ్రమను కూలదోసింది డిజిటల్ కెమెరా ఒక్కటే కాదు. అంతకన్నా పెద్ద దెబ్బ థియేటర్లో పడింది. దాన్ని మన లెక్కలోనే చూడొచ్చు. 35 ఎంఎం ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. వెయ్యి అడుగులు ఒక రీలు. ‘ఇది పద్నాలుగు రీళ్ళ సినిమా, అది పదహారు రీళ్ళ సినిమా’ అని పాతతరం ప్రేక్షకులు చెప్పుకునే మాట ఈ కొలత నుంచి వచ్చిందే. ఒక్కో షాటును నాలుగైదు టేకులు తీసి, చివరికి పదో వంతే వాడుకున్నారనుకుంటే షూటింగ్‌కు లక్షా 35 వేల అడుగుల నెగిటివ్ కావాలి. అదే సినిమా వెయ్యి థియేటర్లలో విడుదలైతే వెయ్యి ప్రింట్లు వేయాలి. అంటే కోటీ 35 లక్షల అడుగుల పాజిటివ్. కెమెరాలో తిరిగే ఫిలిం కన్నా ప్రొజెక్టర్లో తిరిగే ఫిలిం వంద రెట్లు ఎక్కువన్నమాట.

ఫిలిం ఫ్యాక్టరీల పొయ్యి వెలిగింది ఈ ప్రింట్ల మీదే. క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ ప్రొజెక్షన్ పద్ధతులు మన థియేటర్లలోకి వచ్చి, ప్రపంచమంతా అదే దారి పట్టేసరికి ఆ పొయ్యి ఆరిపోయింది. కొడాక్ 2006లో 1,240 కోట్ల అడుగుల సినిమా ఫిలిం అమ్మింది. 2014 వచ్చేసరికి అది 44.9 కోట్ల అడుగులకు పడిపోయింది. 96 శాతం తగ్గుదల. మధ్యలో 2012 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పోటీదారు ఫ్యూజీఫిల్మ్ 2013లో సినిమా నెగిటివ్, ప్రింట్ ఫిలిం తయారీని ఆపేసింది. నోలన్, టరాంటినో, జె.జె. అబ్రమ్స్ లాంటి దర్శకులు పట్టుబట్టడంతో హాలీవుడ్ పెద్ద స్టూడియోలు ఏటా ఇంత ఫిలిం కొంటామని 2015లో కొడాక్‌తో ఒప్పందం చేసుకున్నాయి. అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న కొడాక్ ఫ్యాక్టరీ నిలబడింది ఆ ఒప్పందం వల్లే.

అప్పటి నుంచి ఫిలిం బతికి బట్టకట్టింది. కెమెరా లైన్లు మాత్రం మళ్ళీ తెరుచుకోలేదు.

పాత కెమెరాకు ముసలితనం ఆలస్యం

డిజిటల్ కెమెరాలో బొమ్మను పట్టే సెన్సార్ కెమెరా లోపలే ఉంటుంది. ఐదేళ్ళలో మెరుగైన సెన్సార్ వస్తే పాత కెమెరా విలువ పడిపోతుంది. ఫిలిం కెమెరాలో బొమ్మను పట్టేది ఫిలిం. అది ప్రతి రీలుకూ కొత్తది. 1985లో తయారైన కెమెరాలో ఈనాటి కొడాక్ విజన్3 ఫిలిం వేస్తే ఈనాటి బొమ్మే వస్తుంది. 2025లో కొడాక్ ఈ ఫిలిం వెనకవైపు ఉండే నల్లటి కార్బన్ పూతను తీసేసి కొత్త రకం పూత తెచ్చింది. దాంతో నెగిటివ్ కడగడం సులువైంది. ఆ మెరుగుదల కోసం ఎవరూ కెమెరా మార్చుకోనక్కర్లేదు. నలభై ఏళ్ళ కెమెరాకు కూడా అది ఉచితంగా అందింది. కొత్త కెమెరా తయారు చేయాలనుకునే వ్యాపారికి ఇంతకు మించిన అడ్డంకి లేదు. వినియోగదారుడు పాతది పారేయడానికి కారణమే దొరకదు.

ఇక ఆ కెమెరాలను ఎంత గట్టిగా కట్టారో చూడాలంటే గేటు దగ్గరికి వెళ్ళాలి. లెన్స్ వెనక, ఫిలింకు వెలుతురు తగిలే చిన్న లోహపు చట్రాన్ని గేటు అంటారు. క్లా అనే చిన్న కొక్కెం ఫిలిం అంచు రంధ్రంలో దూరి ఒక ఫ్రేము మేర కిందికి లాగుతుంది. వెంటనే రిజిస్ట్రేషన్ పిన్ అనే సూది రంధ్రంలోకి దిగి ఫిలింను కదలకుండా పట్టుకుంటుంది. షట్టర్ తెరుచుకుంటుంది, వెలుతురు పడుతుంది, మూసుకుంటుంది. సూది బయటికొస్తుంది, కొక్కెం మళ్ళీ లాగుతుంది. ఇదంతా సెకనుకు 24 సార్లు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా థియేటర్ తెర మీద బొమ్మ ఊగుతుంది. షాట్ ఓకే అనగానే కెమెరా అసిస్టెంట్ లెన్స్ తీసి టార్చ్ వేసి గేటులోకి తొంగిచూసేవాడు. ఫిలిం అంచు నుంచి రాలిన పొట్టు ఏదైనా ఇరుక్కుందేమోనని ఆ చూపు. అది కనిపిస్తే ఎంత బాగా నటించిన షాటైనా మళ్ళీ తీయాల్సిందే. అతను ‘గేట్ క్లియర్’ అన్నాకే యూనిట్ అంతా ఊపిరి తీసుకునేది.

ఇంత ఖచ్చితంగా పనిచేయాలి కాబట్టి ఈ యంత్రాంగాన్ని మేలైన ఉక్కుతో, చేతితో సరిచూసుకుంటూ చేశారు. నూనె వేసి, ఏటా విప్పి శుభ్రం చేసి బిగిస్తే దశాబ్దాలు నడుస్తుంది. ఇటీవల ఆస్కార్ గెలిచిన ఒక సినిమా కోసం బయటికి తీసిన విస్టావిజన్ పద్ధతి 1954 నాటిది. 35 ఎంఎం ఫిలింను అడ్డంగా నడిపి, ఫ్రేముకు ఎనిమిది రంధ్రాల వెడల్పు వాడుకునే పద్ధతి అది.

కొనేవాళ్ళు ఎవరు

సినిమా కెమెరాను నిర్మాత కొనడు, అద్దెకు తెస్తాడు. మద్రాసులో తెలుగు సినిమా తీసిన రోజుల్లోనూ అంతే, హాలీవుడ్‌లోనూ అంతే. పానావిజన్ అయితే తన కెమెరాలను అసలు అమ్మదు, అద్దెకే ఇస్తుంది. కాబట్టి కొత్త 35 ఎంఎం, 16 ఎంఎం కెమెరా చేస్తే దాన్ని కొనాల్సింది అద్దె కంపెనీలే. వాళ్ళ గోడౌన్లలో ఇరవై ఏళ్ళ కిందట పెట్టుబడి పెట్టి, ఎప్పుడో ఆ డబ్బు రాబట్టుకున్న ఆరి, పానావిజన్ కంపెనీల ఆరికామ్‌లు, ఆరిఫ్లెక్స్ 416లు, పానాఫ్లెక్స్‌లు ఉన్నాయి. వాటి మీద వచ్చే అద్దెలో అధిక భాగం లాభమే. కొత్తది కొంటే మళ్ళీ సున్నా నుంచి డబ్బు రాబట్టుకోవాలి. పాతదానితో తీసినా కొత్తదానితో తీసినా ప్రేక్షకుడికి తేడా తెలియదు. ఈ పరిస్థితిలో ఏ అద్దె కంపెనీ యజమాని అయినా పాతదాన్నే సర్వీసింగ్ చేయించుకుంటాడు.

డిజిటల్ వచ్చిన కొత్తలో ఈ కెమెరాలను చాలామంది కారుచౌకగా వదిలించుకున్నారు. అప్పుడు కొనిపెట్టుకున్నవాళ్ళ పంట ఇప్పుడు పండింది. 16 ఎంఎం కెమెరాల సెకండ్ హ్యాండ్ ధరలు ఇటీవల బాగా పెరగడానికి కారణం, ఉన్న సంఖ్య పెరగకుండా అడిగేవాళ్ళు పెరగడమే. ధరలు ఇలాగే ఎగబాకితే ఏదో ఒక దశలో కొత్తది చేయడం గిట్టుబాటవుతుంది. 16 ఎంఎంలో ఆ దశ ఇంకా రాలేదు, కానీ దగ్గరపడుతోందని చెప్పొచ్చు.

ఫొటో కెమెరాతో పోల్చితే ఎక్కడ తేడా వస్తుంది

ఈ చర్చలో తరచూ వినిపించే వాదన ఒకటి ఉంది. ఫొటోల ఫిలిం కెమెరాలు మళ్ళీ వస్తున్నాయి కదా, సినిమా కెమెరాలు ఎందుకు రావు అని. లైకా 2022లో ఎం6ను మళ్ళీ తయారు చేసింది. 2024 జూన్‌లో పెంటాక్స్ 17 వచ్చింది, దాదాపు 500 డాలర్లకు. కుర్రకారు వాటిని కొంటున్న మాటా నిజమే.

పెంటాక్స్ 17 హాఫ్ ఫ్రేమ్ కెమెరా. 36 ఫొటోల రీలు మీద 72 ఫొటోలు తీస్తుంది. ఫిలిం ధర మండిపోతున్న కాలంలో అది పెద్ద ఊరట. ఒక కుర్రాడు ఆ రీలు వేసుకుని అరకు వెళ్ళాడనుకుంటే రెండు రోజుల ప్రయాణానికి సరిపోతుంది. అవే 72 ఫ్రేములు సూపర్ 8 సినిమా ఫిలింలో ఒక అడుగు. సెకనుకు 24 చొప్పున అది 3 సెకన్లలో అయిపోతుంది. ఫొటోగ్రాఫర్‌కు రెండు రోజులు వచ్చిన లెక్క సినిమా తీసేవాడికి మూడు సెకన్లు. ఫొటో ఫిలింకు వచ్చిన ఆదరణ సినిమా కెమెరా వైపు సులువుగా పాకకపోవడానికి ఈ తేడాయే మూలం.

డబ్బు రూపంలో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక సూపర్ 8 కార్ట్‌రిడ్జ్‌లో 50 అడుగుల ఫిలిం ఉంటుంది. 3,600 ఫ్రేములు, అంటే రెండున్నర నిమిషాలు. అమెరికాలో ఫిలిం కొని, కడిగించి, స్కాన్ చేయించుకునేసరికి ల్యాబ్‌ను బట్టి కాస్త అటూ ఇటూగా 100 డాలర్లు అవుతుంది. నిమిషానికి 40 డాలర్లు. పది నిమిషాల షార్ట్ ఫిలింకు పొదుపుగా నాలుగు రెట్లు తీసినా 16 కార్ట్‌రిడ్జ్‌లు, 1,600 డాలర్లు. ఫోనుతో 4కే వీడియో ఉచితంగా తీయగలిగిన కాలంలో ఇంత పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళకు ఫిలిం బొమ్మలోని రేణువు, రంగు, మెరుపు అంత ముఖ్యమన్నమాట. అలాంటివాళ్ళు ఉన్నారు, పెరుగుతున్నారు కూడా. కానీ వాళ్ళు లక్షల్లో లేరు.

కొడాక్ సూపర్ 8: ఎనిమిదేళ్ళ నిరీక్షణ

కింది కొస మార్కెట్‌కు అసలైన పరీక్ష కొడాక్ పెట్టింది. 2016 జనవరిలో లాస్ వెగాస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో కొత్త సూపర్ 8 కెమెరా నమూనా చూపించింది. ధర 400 నుంచి 750 డాలర్ల మధ్య ఉంటుందని అప్పట్లో చెప్పింది. ఆలోచనలో పస ఉంది. రేజర్ చవకగా అమ్మి బ్లేడ్ల మీద సంపాదించినట్టు, కెమెరాను అందుబాటులో పెట్టి ఫిలిం మీద సంపాదించడం. 1965లో సూపర్ 8 పుట్టినప్పుడు కొడాక్ చేసిందీ అదే.

కెమెరా అమ్మకానికి వచ్చింది మాత్రం 2023 డిసెంబర్‌లో. అదీ అమెరికాలో, పరిమిత సంఖ్యలో. ధర 5,495 డాలర్లు. మన డబ్బులో దాదాపు ఐదు లక్షలు, కస్టమ్స్ సుంకం కాకుండానే. ఆ డబ్బుతో పాత కెమెరా ఒకటి కొనుక్కుని, మిగిలిన సొమ్ముతో నలభై కార్ట్‌రిడ్జ్‌ల పైన తీసుకోవచ్చు. రేజర్ ధరే ఇంత ఉంటే బ్లేడ్ల దాకా వచ్చేవాళ్ళు తగ్గిపోతారు.

ధర ఇంత ఎందుకు పెరిగింది? కంపెనీ అత్యాశ అని కొట్టిపారేయడం తేలిక. అసలు సంగతి సంఖ్యలో ఉంది. కెమెరా డిజైన్‌కు, అచ్చులకు, సర్క్యూట్లకు, పరీక్షలకు మొత్తం 10 కోట్ల రూపాయలు ఖర్చయిందని అనుకుందాం. ఇది ఊహాలెక్క మాత్రమే. 50 వేల కెమెరాలు అమ్మితే ఒక్కోదాని మీద పడే భారం 2 వేలు. 500 అమ్మితే 2 లక్షలు. విడిభాగాల ఖర్చు, కూలి, లాభం దాని మీద వేసుకోవాలి. ఒకప్పుడు జపాన్ కంపెనీలు సూపర్ 8 కెమెరాలను అంత చవకగా ఇవ్వగలిగాయంటే లక్షల కుటుంబాలు కొన్నాయి కాబట్టి. పుట్టినరోజులు, విహారయాత్రలు, పిల్లల తొలి అడుగులు అందులోనే పట్టేవాళ్ళు. వీడియో క్యామ్‌కార్డర్ వచ్చాక ఆ కుటుంబం అటు వెళ్ళిపోయింది. ఇంక తిరిగి రాదు.

అలాగని కొత్త సూపర్ 8 కెమెరాకు అర్థమే లేదనడం పొరపాటు. పాతవాటికి నిజమైన జబ్బులు ఉన్నాయి. 1970ల నాటి కెమెరాల్లో చాలావాటికి వెలుతురు కొలిచే లైట్ మీటర్ 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీతో నడిచేది. ఆ బ్యాటరీలు ఇప్పుడు నిషేధం. ఫిలిం వేగాన్ని, అంటే అది వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకెను, కార్ట్‌రిడ్జ్ మీది గాటును బట్టి కెమెరా గుర్తిస్తుంది. చవక రకం పాత కెమెరాలు 40, 160 అనే రెండు వేగాలనే ఎరుగుదుము అంటాయి. ఇప్పుడు దొరికే 50, 200, 500 ఫిలింలను అవి తప్పుగా లెక్కగడతాయి. రబ్బరు బెల్టులు, కెపాసిటర్లు వయసుతో పాడవుతాయి. అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే, లోపం జరిగినట్టు అప్పటికప్పుడు తెలియదు. ల్యాబ్ నుంచి స్కాన్ వచ్చాక, రెండు మూడు వారాల తర్వాత తెలుస్తుంది.

అమెరికా, యూరప్‌లో పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళు సూపర్ 8ను ప్రత్యేక ప్యాకేజీగా అమ్ముతున్నారు. వాళ్ళకు ఈ టెన్షన్ మామూలుది కాదు. తాళి కట్టే క్షణాన్నో ఉంగరం తొడిగే క్షణాన్నో రెండోసారి తీయమనడం కుదరదు. అందుకే సాధారణంగా పక్కన డిజిటల్ కెమెరా కూడా నడిపిస్తారు. కొడాక్ కొత్త కెమెరాలో క్రిస్టల్‌తో కచ్చితంగా నడిచే మోటారు ఉంది, తెరిచి చూసుకునే ఎల్‌సీడీ తెర ఉంది, శబ్దాన్ని ఎస్‌డీ కార్డు మీద రికార్డు చేసే వీలుంది. గేటును కొంచెం వెడల్పు చేయడం వల్ల ఈనాటి వైడ్ స్క్రీన్‌కు సరిపోయే బొమ్మ వస్తుంది. డబ్బు తీసుకుని పని చేసేవాడికి ఇవి నచ్చుతాయి. ఈ కెమెరా ఇంటింటికీ చేరే వస్తువు కాలేకపోయింది, కానీ చిన్న వృత్తి పనిముట్టుగా దానికో స్థానం ఉంది.

పైకొసన ఐమ్యాక్స్ లెక్క వేరు

ఐమ్యాక్స్ ఫిలిం కెమెరాలో 65 ఎంఎం ఫిలిం అడ్డంగా నడుస్తుంది. ఒక్క ఫ్రేము 15 రంధ్రాల వెడల్పు. నిమిషానికి 337 అడుగుల దాకా మింగుతుంది. వెయ్యి అడుగుల రీలు మూడు నిమిషాలు కూడా నిండా రాదు. పాత కెమెరాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉన్నాయి. నడుస్తుంటే కుట్టుమిషను లాంటి గోల చేస్తాయి కాబట్టి నటులు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం వాటితో తీయడం నరకం. సినిమా మొత్తం ఐమ్యాక్స్ ఫిలిం మీద తీయాలంటే ముందు ఆ గోల తగ్గాలి. కొత్త కెమెరాలు అవసరమైంది అందుకే. వాటిలో ఒకదానికి ఐమ్యాక్స్‌లో దశాబ్దాలు పనిచేసి 2025లో కన్నుమూసిన డేవిడ్ కీలీ పేరు పెట్టారు.

అద్దె కంపెనీకి గిట్టని పని ఐమ్యాక్స్‌కు ఎలా గిట్టింది? ఐమ్యాక్స్ ఆదాయానికి మూలం టికెట్. నోలన్ లాంటి దర్శకుడు ఐమ్యాక్స్ ఫిలిం మీద తీశాడన్న మాట ప్రపంచమంతటా ఐమ్యాక్స్ థియేటర్ల టికెట్ అమ్ముతుంది. కెమెరా ఖర్చు ఆ ప్రచారం కింద సరిపోతుంది. నాలుగు కెమెరాలు చేస్తే చాలు, నాలుగు వందలు చేయనక్కర్లేదు. పైగా ఇక్కడ పాత కెమెరాల గుట్ట అడ్డు లేదు. 35 ఎంఎంలో లేని రెండు సౌకర్యాలూ ఇక్కడ ఉన్నాయి: పాతవి తక్కువ, కొత్తదాని ఖర్చు భరించడానికి వేరే వ్యాపారం ఉంది.

అందువల్ల ఐమ్యాక్స్ వార్త చూసి మొత్తం ఫిలిం కెమెరా మార్కెట్ లేస్తోందని అనుకోకూడదు. అది ఆ కంపెనీకి మాత్రమే పనిచేసే లెక్క.

మధ్యలో చిన్న వర్క్‌షాపులు

పెద్ద కంపెనీలు రాని చోట చిన్నవాళ్ళు ప్రయత్నిస్తున్నారు. డెన్మార్క్‌లోని లాగ్‌మార్ అనే చిన్న సంస్థ పదేళ్ళ కిందటే సొంతంగా సూపర్ 8 కెమెరా చేసింది, కొన్ని పదుల సంఖ్యలో. సూపర్ 8లో బొమ్మ ఊగడానికి ముఖ్య కారణం ఫిలింను వెనక నుంచి నొక్కిపట్టే పలక ప్లాస్టిక్ కార్ట్‌రిడ్జ్‌లో భాగంగా ఉండటం. లాగ్‌మార్ ఫిలింను కార్ట్‌రిడ్జ్ బయటికి లాగి, లోహపు గేటు గుండా పిన్ సాయంతో నడిపింది. బొమ్మ పెద్ద కెమెరాల స్థాయిలో నిలకడగా వచ్చింది. తర్వాత ఆ సంస్థే తేలికపాటి 65 ఎంఎం కెమెరాను కూడా తయారు చేసింది. తెలివి ఉంది, నైపుణ్యం ఉంది. ఉత్పత్తి మాత్రం పదుల్లోనే.

దీని వెనక ఒక సానుకూల మార్పు ఉంది. ఒకప్పుడు ఇలాంటి యంత్రాంగానికి పెద్ద ఫ్యాక్టరీ, పెద్ద అచ్చులు కావాలి. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే లేత్, మిల్లింగ్ యంత్రాల మీద పది ముక్కలైనా చేయించుకోవచ్చు. మోటారు నియంత్రణకు, వేగం స్థిరంగా ఉంచడానికి కావలసిన ఎలక్ట్రానిక్స్ కారుచౌక అయింది. కాబట్టి దగ్గర్లో పెరిగే వ్యాపారం పూర్తి కెమెరాది కాకపోవచ్చు. పాత కెమెరాకు కొత్త మోటారు, షాట్‌ను పక్కన తెర మీద చూపించే కొత్త వీడియో ట్యాప్, కొత్త బ్యాటరీ పెట్టె, 16 ఎంఎం ఫిలిం మీద వెడల్పాటి బొమ్మ పట్టే సూపర్ 16 గేటు మార్పిడి లాంటి వాటిది. 1930ల నుంచి వస్తున్న బోలెక్స్ హెచ్16 ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లో సర్వీసింగ్ అవుతోంది. స్ప్రింగుకు కీ ఇస్తే బ్యాటరీ లేకుండా నడిచే ఆ కెమెరా ఫిలిం స్కూళ్ళలో ఇంకా తిరుగుతోందంటే, సర్వీసింగ్ అనేదే ఒక వ్యాపారంగా నిలిచిందన్నమాట.

మన దగ్గర ఏం మిగిలింది

తెలుగు నిర్మాతో, స్వతంత్ర దర్శకుడో ఈరోజు ఫిలిం మీద తీయాలనుకుంటే కెమెరా అసలు సమస్యే కాదు. చెన్నై, హైదరాబాద్, ముంబై అద్దె కంపెనీల అల్మరాల్లో పాత ఆరిఫ్లెక్స్‌లు దొరుకుతాయి. దొరకడం కష్టమైనవి నెగిటివ్ కడిగే ల్యాబ్‌లు. ఒకప్పుడు రాత్రింబవళ్ళు నడిచి రషెస్ (ఆరోజు తీసిన షాట్ల ప్రింట్లు) అందించిన మద్రాసు ల్యాబ్‌లు ప్రింట్ల పని పోగానే ఒక్కొక్కటిగా ఆ విభాగాలు మూసుకున్నాయి. కడగడం ఒక రసాయన ప్రక్రియ. రోజూ ఫిలిం వస్తేనే రసాయనాలు సమతూకంలో ఉంటాయి. నెలకో రీలు కోసం యంత్రం నడపలేరు. నెగిటివ్‌ను విదేశీ ల్యాబ్‌కు పంపితే విమానాశ్రయంలో స్కానర్ భయం. కొత్తరకం సీటీ స్కానర్ గుండా వెళితే కడగని ఫిలిం పొగబారి బొమ్మ చెడిపోతుంది.

ముడిఫిలిం సొంతంగా చేసుకునే ప్రయత్నం కూడా ఈ దేశంలో జరిగింది. ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఇందు పేరుతో ఫిలిం తయారు చేసింది. నష్టాలతో అదీ మూతపడింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ముడిఫిలిం కొరత వచ్చి బ్రిటిష్ ప్రభుత్వం సినిమా నిడివిని 11 వేల అడుగులకు కుదించిన సంగతి సినిమా చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. ఫిలిం చేతిలో లేనివాడికి కెమెరా ఎంత మంచిదైనా ఒకటే అని ఆనాడే రుజువైంది.

హైదరాబాద్‌కు ఇంకో నష్టం జరిగింది. 2003లో తెరిచిన ప్రసాద్స్ ఐమ్యాక్స్‌లో భారీ ఫిలిం ప్రొజెక్టర్ ఉండేది. తర్వాత అది డిజిటల్ పెద్దతెరగా మారింది. ఐమ్యాక్స్ ఫిలిం మీద తీసిన సినిమాను అదే ఫిలిం ప్రింటులో ఇక్కడ చూసే దారి మూసుకుపోయింది.

అయితే తెలుగువాళ్ళ చేతిలో ఇంకా బతికే ఉన్న ఒక ఫిలిం వ్యాపారం ఉంది. అది కెమెరా వ్యాపారం కాదు, స్కానర్ వ్యాపారం. ఎల్వీ ప్రసాద్ స్థాపించిన సంస్థల నుంచి ఎదిగిన ప్రసాద్ గ్రూపు పాత సినిమాలను డిజిటల్‌లోకి మార్చే పనిలో ప్రపంచస్థాయికి చేరింది. ఫిలిం స్కానర్లు తయారు చేసే జర్మన్ సంస్థ డీఎఫ్‌టీని కూడా సొంతం చేసుకుంది. ఫిలిం యంత్రాల్లో కొత్తగా తయారై, నిజంగా అమ్ముడవుతున్నవి ఏవైనా ఉన్నాయంటే అవి ఈ స్కానర్లే. కారణం సులువు. కెమెరాకు మార్కెట్ ఇకముందు తీయబోయే ఫిలిం మాత్రమే. స్కానర్‌కు మార్కెట్ నూట ముప్పై ఏళ్ళుగా తీసిపెట్టిన ఫిలిం అంతా. భాండాగారాల్లో, స్టూడియో గోడౌన్లలో వినెగర్ వాసన కొడుతూ పాడవుతున్న డబ్బాలు ఎన్ని ఉన్నాయో స్కానర్‌కు అంత పని.

ఏది మారితే లెక్క మారుతుంది

మొదటిది మనుషులు. పాత కెమెరాను విప్పి, క్లా అరిగిన మేర సరిచేసి, లెన్స్‌కూ ఫిలింకూ మధ్య దూరాన్ని మిల్లీమీటరులో వందో వంతు దాకా సరిపెట్టగల మెకానిక్‌లు ప్రతి దేశంలోనూ కొద్దిమందే మిగిలారు. వాళ్ళలో చాలామంది రిటైర్మెంట్ వయసు దాటినవాళ్ళు. పెంటాక్స్ కొత్త ఫొటో కెమెరా చేసేటప్పుడు ఫిలిం చుట్టే లీవర్ ఎలా చేయాలో తెలిసిన పాత ఇంజనీర్లను వెతికి పట్టుకుని నేర్చుకోవాల్సి వచ్చింది. సినిమా కెమెరా అంతకన్నా ఎన్నో రెట్లు క్లిష్టం. ఈ విద్య చేతులు మారకముందే ఆగిపోతే పాత కెమెరాల గుట్ట అలాగే ఉంటుంది కానీ నడిచేవి తగ్గిపోతాయి. అప్పుడు అద్దె కంపెనీలు కొత్తదాని వైపు చూడక తప్పదు. ఈ మార్పు ఒక్క ఏడాదిలో రాదు. పదేళ్ళలో రావచ్చు, ముందుగా 16 ఎంఎంలో రావచ్చు.

రెండోది ఫిలిం. రంగుల సినిమా నెగిటివ్‌ను పెద్ద ఎత్తున తయారు చేస్తున్నది నేడు ప్రధానంగా కొడాక్ ఒక్కటే. జర్మనీలో ఓర్వో పేరుతో వచ్చేది చాలా తక్కువ మోతాదు. 2024 నవంబర్‌లో కొడాక్ రోచెస్టర్ ఫ్యాక్టరీని కొన్ని వారాలు ఆపి యంత్రాలను ఆధునికీకరించింది. గిరాకీ ఉందని నమ్మితేనే ఏ కంపెనీ అయినా ఆ పని చేస్తుంది. అదే కొడాక్ 2025 ఆగస్టులో అప్పుల గడువును చూపిస్తూ, వ్యాపారం కొనసాగించగలమా అన్న సందేహాన్ని ఆర్థిక నివేదికలో పెట్టింది. పెన్షన్ నిధిలోని మిగులుతో అప్పు తీరుస్తామని ఆ వెంటనే వివరణ ఇచ్చింది. ఒకే కంపెనీ ఫిలిం మీద ఆధారపడే కెమెరాను రూపొందించడానికి ఏ పెట్టుబడిదారు అయినా వెనకాడేది ఇలాంటి వార్తలు చూసే.

మూడోది ధర. సూపర్ 8లో వెయ్యి డాలర్ల లోపు నమ్మకంగా నడిచే కొత్త కెమెరా వస్తే పరిస్థితి మారే వీలుంది. ఎల్‌సీడీ తెర, శబ్దం రికార్డింగ్ లాంటివి తీసేసి, మంచి గేటు, స్థిరమైన మోటారు, సరైన లైట్ మీటరు, మార్చుకోగలిగే సీ మౌంట్ లెన్స్ మాత్రం ఉంచితే అది అసాధ్యమేమీ కాదు. తెర కావాలన్నవాడి జేబులో ఫోను ఎలాగూ ఉంది. శబ్దానికి వేరే రికార్డర్ వంద డాలర్లకు దొరుకుతుంది. కొడాక్ అన్నీ ఒకే పెట్టెలో పెట్టాలనుకోవడం వల్ల ఎనిమిదేళ్ళు, ఐదు వేల డాలర్లు అయ్యాయి. తర్వాత వచ్చేవాడు అందులో సగం వదిలేస్తే చాలు.